పలక పోని కాయ

గురమ్మ మనిషి ఒకచోట, మనసు ఒకచోట అని ఊళ్ళో అందరూ అంటారు. అంటే అన్నారు గానీ అందులో అబద్ధమేమీ లేదు. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగిపోతాయేమోనని కాపలా నిలబడుతుందా, ఆమె కళ్ళెదుటే ఆ పాలు పొంగి మంటను ఆర్పేస్తాయి. ఆమె చూస్తూనే ఉంటుంది. "ఏంది మే, కండ్లు తెరుచుకోనే నిద్రపోతాండావా?" అని మొగుడు గంగిరెడ్డి అడగని రోజు ఆ ఇంట్లో అరుదు. ఆమెకు కోపం రాదు. నవ్వి, పాతగుడ్డ తెచ్చి పొయ్యిగట్టు తుడుచుకుంటుంది. కోడలు వచ్చాక కూడా ఈ పగటికలలేమిటని నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. కల కనడానికి ఏ ఆఫీసు నుంచీ కాగితం తెచ్చుకోనక్కర్లేదు కదా.

ఆమె పుట్టింది పెద్దముడియం పక్క ఒక పల్లెలో. జమ్మలమడుగు దాటితే ఇక అంతా నల్లరేగడే. శనగ వేస్తారు, జొన్న వేస్తారు, వానకోసం మొగం పైకెత్తుకుని కూర్చుంటారు. చూపు ఆగేంతవరకూ చేనే తప్ప చెట్టన్నది కనిపించదు. చిన్నప్పుడు చేలో పనిచేసే పెద్దవాళ్ళకు సద్ది మోసుకుపోయేది గురమ్మ. కూర్చుని తినడానికి నీడ కావాలంటే ఎద్దులబండి కింద దూరాలి. బండి ఇంటికి పోయిన రోజున ఆ నీడ కూడా లేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మనిషి నీడ కాళ్ళ కిందికి ముడుచుకుపోతుంది, అది ఎవరికీ పనికిరాదు. ఆ పిల్లకు నీడంటే అంత ఆశ. పడుకుంటే కలలో కూడా నీడలే వచ్చేవి. ఏ చెట్టువో తెలియదు, పచ్చగా ఉండేవి, చల్లగా ఉండేవి, వాటి కింద ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

అట్లాంటి పిల్లను పులివెందుల పక్క పల్లెలో ఇచ్చారు. పెళ్ళైన కొత్తలో అత్తగారు తోట చూపిస్తానని వెంటబెట్టుకుపోయింది. అరటితోట. గట్టు దిగి రెండు సాళ్ళు లోపలికి నడిచిందో లేదో గురమ్మ తల పైకెత్తి నిలబడిపోయింది. పైన ఆకులు ఒకదానిమీద ఒకటి కప్పుకుని ఉన్నాయి. వెలుతురు తెల్లగా కాదు, పచ్చగా దిగుతోంది. ఎండాకాలం గట్టుమీదే ఆగిపోయింది. కాళ్ళ కింద నేల తడిగా ఉంది, ఎక్కడో కాలవలో నీళ్ళు గుడగుడమని పోతున్నాయి. గాలికి ఆకులు కదిలితే ఎవరో కొత్తచీర మడత విప్పినట్టు చప్పుడు. ఇవన్నీ తాను చిన్నప్పుడు చూసినవే, కాకపోతే నిద్రలో చూసినవి. అత్తగారు మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కు తిరిగి చూస్తే కోడలు లేదు. ఇంటిల్లిపాదీ వెతికారు. కొత్తపెళ్ళికూతురు పారిపోయిందని ఊళ్ళో గుప్పుమంది కూడా. పొద్దు వాలేటప్పటికి తోట నడుమ ఒక అరటిబోదెకు ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోతూ దొరికింది.

"మావానికి పెండ్లాం వచ్చిందనుకుంటి. తోటకు వచ్చినట్టుండాది," అంది అత్తగారు. ఆ మాట ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకుంటారు.

ఆ తోటలో చాలా భాగం ఈమధ్యే పోయింది. పోయిందంటే ఎవరో ఎత్తుకుపోలేదు, ధర తినేసింది. రోడ్డువైపు మళ్ళన్నీ, వాళ్ళ మాటలో కయ్యలన్నీ, పండ్ల అరటి, డ్రిప్పు పైపుల మీద పెంచిన రకం. గెల చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఒక ఏడు ఆ గెల ఢిల్లీ దాకా పోతుంది, ఇంకో ఏడు పొలంగట్టు కూడా దాటదు. ఎందుకో ఏ మహానుభావుణ్ణి అడిగినా చెప్పడు. తోట పోయిన ఏడు గట్టు దాటలేదు. లారీ వస్తుందన్నారు, రేపన్నారు, ఎల్లుండన్నారు. పండు చెట్టుమీదే మగ్గి తేనెటీగలు ముసిరాయి. చివరికి గంగిరెడ్డి గొర్లమందను పిలిపించి తన చేత్తోనే కంచె తీశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

"గొర్లు తింటే తినినాయిలే. అవ్విటివి మాత్రం పానాలు కాదా," అని అటు తిరిగి పడుకున్నాడు. గురమ్మ ఆయన వీపు చూస్తూ కూర్చుంది.

తుమ్మలపల్లె గనిలో పనిచేసే కొడుకు సుధీర్ ఇక చీనీ, అంటే బత్తాయి, పెట్టమన్నాడు. చీనీచెట్టు ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ళ తరబడి కాస్తుంది, అరటిలాగా ఏటేటా ప్రాణం తియ్యదు. మాట సబబే. మిషన్ వచ్చి రోడ్డువైపు కయ్యలన్నీ పెరికి చదును చేసిపోయింది. మిగిలింది బోరు పక్కన వెనక కయ్య ఒక్కటే. అందులో ఉన్నది బొంత అరటి, కూరకాయ. ఆ పిలకలు గురమ్మే తెచ్చి నాటింది. గెల కోశాక తల్లిచెట్టు పోతుంది, పక్కన పిలక లేస్తుంది, దాన్ని సాకుతుంది, ఇన్నేళ్ళూ అట్లా నిలబెట్టుకొచ్చింది. కొత్తపెళ్ళికూతురు నిద్రపోయిన చోటు కూడా ఆ కయ్యలోనే ఉంది. ఇప్పుడు ఆ అరటిచెట్ల నడుమ కూడా గంగిరెడ్డి తాడు పట్టి కొలిచి, చీనీగుంత తవ్వాల్సిన చోటల్లా ఒక కందికట్టె పుల్ల పాతాడు. ఆ పుల్లలు కంటపడితే గురమ్మ చూపు పక్కకు తిప్పుకునేది.

"ఈ ఒక్క కయ్య ఉండనీ మామా," అని అడిగింది ఒకరోజు.

"ఉంచి ఏం చేస్తావు?"

"చల్లగా ఉంటాది."

గంగిరెడ్డి నవ్వలేదు. "చల్లదనం చూసి బోరులో నీళ్ళు ఊరవు మే. ఉండేవే రొన్ని నీళ్ళు. అవి చీనీకి పోవాల్నా, నీ కలలకు పోవాల్నా?" అన్నాడు. ఆమె మొహం చూసి మళ్ళీ ఆయనే మెత్తబడ్డాడు. "సరే. తొలకరికి మిషన్ మళ్ళ వస్తాది. ఆ లోపల ఈ కయ్య తన బువ్వ తాను తెచ్చుకుంటే ఉండనీ. లేకుంటే నేను ఆపను, నువ్వు ఏడవొద్దు."

అరటిచెట్టు తన బువ్వ ఎట్లా తెచ్చుకుంటుంది? సంతలో బొంతకాయను అడిగినవాడు లేడు. గురమ్మ ఆలోచించిందని చెప్పలేను, ఆమె ఆలోచించే రకం కాదు. తోటలోకి పోయి కూర్చునేది, అంతే. చైత్రమాసంలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. దుమ్ము, నాలుగు చినుకులు, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నిశ్శబ్దం. పోయి చూస్తే చెట్టొకటి గెలతో సహా నేల మీద పడి ఉంది. కాయ ఇంకా నిండలేదు.

"ఎనుములకు వేసేయ్," అన్నాడు గంగిరెడ్డి.

గురమ్మకు మనసొప్పలేదు. ఇంటికి మోయించుకొచ్చింది. కోడలు మాధవి జమ్మలమడుగు పిల్ల, చురుకైనది, ఫోనులో ఏదో చూసి చిప్స్ చేద్దాం అత్తా అంది. తొక్క తీసి, పసుపు కలిపిన ఉప్పునీళ్ళలో వేసి, బాండలిలో వేరుశనగ నూనె కాచి, కాయను పలుచగా చక్రాలు తరిగి నూనెలోకి వదిలారు. చక్రాలు మునిగాయి, తేలాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ సద్దు చేశాయి. ఆ సద్దు వింటూ గురమ్మ యథాప్రకారం ఎటో వెళ్ళిపోయింది. తోటలో వాన పడుతున్నట్టు వినిపించింది ఆమెకు. మాధవి గరిటె లాక్కుని సమయానికి తీసింది కాబట్టి సరిపోయింది. జల్లెడలో పోస్తే గలగలమన్నాయి. బంతిరేకుల రంగు, నోట్లో వేసుకుంటే పటుక్కున విరిగాయి.

మాధవి పుట్టింటికి పోతూ ఒక పొట్లం వెంట తీసుకుపోయింది. దారిలో చీరల పనిమీద ప్రొద్దుటూరులో దిగి, బజారులో మున్వర్ భాయ్ కారాల అంగట్లో ఆ పొట్లం విప్పింది. మున్వర్ తండ్రినాటి నుంచి అక్కడే బూందీ, కారప్పూస, పకోడీ అమ్మే మనిషి. పొగడ్త అతని నోట అంత తొందరగా రాదు. ఒక చక్రం కొరికి, ఇంకొకటి కొరికి, గిరాకీని నిలబెట్టి మరీ మూడోది తీసుకున్నాడట.

"ఎవరు చేసినారు పాపా?" అని అడిగాడు.

"మా అత్త."

"మీ అత్తను రెండు డబ్బాలు పంపమను. ఇట్లే ఉంటే వారం వారం తీసుకుంటా."

కాయ కాయగా ఉన్నంతసేపు సంతలో దాని మొహం చూసేవాడు లేడు. అదే కాయ చక్రాలుగా తరిగి నూనెలో తేలి వచ్చేసరికి ప్రొద్దుటూరు అంగట్లో గాజుసీసాలో కూర్చుంటానంటోంది. నూనె, కట్టెలు, బస్సుచార్జీ అన్నీ పోను కయ్య బువ్వ కయ్యకు వస్తుందని మాధవి వేళ్ళ మీద లెక్క చెప్పింది. తొక్కలు ఎనుములకు, చిన్నకాయలు ఎండబెట్టి పిండికి, ఏదీ వృథా పోదంది. గురమ్మకు ఆ లెక్కలో సగం అర్థం కాలేదు. అర్థమైనది మాత్రం ఒకటే, తోట ఉంటుంది.

గంగిరెడ్డి ఈ వార్త విన్నాడు. మర్నాటి నుంచి వెనక కయ్యలోకి పోవడం మొదలుపెట్టాడు. గెలల బరువుకు వంగిన చెట్లకు కర్రలు పోటు పెట్టాడు, ఎండ తగిలే గెలలకు ఎండుటాకు చుట్టాడు. గురమ్మ కొడవలి తీసుకుని వస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు మే. ఇంకా పలక పోలా."

అరటికాయ పుట్టగానే నున్నగా ఉండదు. లేతకాయకు పొడుగునా అంచులు తేలి ఉంటాయి, వాటినే పలకలంటారు. కాయ నిండేకొద్దీ అంచు మెత్తబడి, కనపడకుండా పోయి, కాయ గుండ్రమవుతుంది. గంగిరెడ్డి కాయను కంటితో చూడడు, బొటనవేలితో చూస్తాడు. అంచు తగిలిందా, గెల చెట్టుమీదే ఉంటుంది. ఎంత అవసరమొచ్చినా, లారీవాడు ఎంత తొందరపెట్టినా ఆయన ఇంతవరకు పలకున్న కాయ కోయలేదు. పలకున్న కాయ కోసేవాడు రైతు కాదు, దొంగ అని వాళ్ళ నాయన చెప్పేవాడట. నిండిన కాయే బరువు తూగుతుంది, నిండిన కాయకే పరువు.

"నీ బాండలిలోకి పోయేది ఊరికే ఏదో కాయ కాకూడదు. మన తోటలో ముందెన్నడూ కోయనంత బాగా నిండినాక ఇస్తా," అన్నాడు.

గురమ్మ ఆ మాటకు కరిగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెకు ఇంత తీపిమాట చెప్పింది లేదు. అప్పుడప్పుడూ తోటలో పక్కన నిలబడి, ఆయన ఏ గెలను తడిమితే దాన్ని తానూ చూస్తూ, ఆకుల సందున పడే వెలుతురులో ఆయన వయసు తగ్గినట్టుందని అనుకునేది. మున్వర్ ఫోన్ చేస్తే రొన్నాళ్ళు ఆగమని మాధవి సర్దిచెప్పింది. గంగిరెడ్డి ఆగి, ఆగి, ఒకటి రెండు కాయలు తెలుపు తిరిగి పండుకు వచ్చేదాకా ఆగి, అప్పుడు కోశాడు. ఏం గెలలవి. ఇద్దరు పట్టినా బరువే.

బాండలి పెట్టారు. మొదటి వాయి ఎర్రబడింది. మంట తగ్గించారు, రెండో వాయి ఇంకా ఎర్రబడింది. చక్రం గట్టిపడే లోపలే రంగు మారిపోతోంది, రంగు చూసి తీస్తే మెత్తగా వేలాడుతోంది. నూనె మార్చారు. కత్తి మార్చారు. ఉప్పునీళ్ళు మార్చారు. గురమ్మ ఈసారి ఎటూ పోలేదు, పొయ్యి ముందే కూర్చుని, కళ్ళార్పకుండా చూసింది. చూసినా ఎర్రబడ్డాయి. ఇంత మంచి కాయ పెట్టుకుని చేతకాలేదంటే తప్పు నా చేతిదే అనుకుంది. మాధవి వద్దంటున్నా, మాట ఇచ్చినాం కదా అని వాటినే డబ్బాలకెత్తి, కోడలిని తోడు తీసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది.

మున్వర్ డబ్బా మూత తీయలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల బస్ బస్ మని బట్ట కదిలినట్టయింది. అతను డబ్బా కింద పెట్టి, ముందు ఇద్దరికీ సోడా తెప్పించాడు.

"రెడ్డెమ్మా, ఇవి ఆ పొద్దు పాప తెచ్చినవి కావు."

"అదే తోట భాయ్. ఇంకా మంచి కాయ."

ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు. "తియ్యగా ఉండాది. మా ఇంట్లో ముసలమ్మకు పెడితే శానా సంతోషపడుతాది. కానీ నా గిరాకీ నమలడానికి రాడమ్మా, కొరకడానికి వస్తాడు." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "తొలకరి లోపల మొదటిమాదిరి చేసి పంపితే తీసుకుంటా. రాకుంటే ఏమనుకోవద్దు. అంగడి నడవాల కదా."

తప్పు మాట ఒక్కటీ అనలేదు పాపం. అందుకే గురమ్మకు ఏడుపు ఎక్కువైంది. బస్సులో కిటికీ పక్క కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుని, ఎర్రగుంట్ల వచ్చేదాకా ఏడ్చింది. బయట ఎండలో బీళ్ళు, బండలు, మళ్ళీ బీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఎక్కడా నీడ లేదు. అన్నేళ్ళూ కన్న కల అయిపోయిందని, ఇక మళ్ళీ బండి కింద దూరాల్సిందేనని ఆమెకు అనిపించింది. "ఊరుకో అత్తా," అంటూ మాధవి చెయ్యి పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పని ముట్టబుద్ధి కాక తోటలోకి పోయింది. ఎప్పుడూ కూర్చునే చోట బోదెకు ఆనుకుంది. పక్కనే ఒక గెల చేతికందేటంత కిందికి వేలాడుతోంది, ఊరికే దాని మీద చెయ్యి వేసింది. ఆకులు కదిలాయి. పచ్చటి వెలుతురు ఒకసారి దగ్గరికి వచ్చి, ఒకసారి దూరం జరిగింది. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. కలలో ఆమె వంటింట్లో ఉంది, గాలికి పడిన గెల ముందుంది, తొక్క తీస్తోంది. కాయ అంచు అరచేతిలో గుచ్చుకుంటోంది. కత్తి ఆ అంచు మీద ఎక్కి దిగుతోంది, ఎక్కి దిగుతోంది. బయట వాన సద్దు. చెయ్యి నొప్పెడుతున్నా ఆపబుద్ధి కావడం లేదు.

మెలకువ వచ్చింది. చేతిలో నిజంగానే అంచు ఉంది. తాను పట్టుకున్నది లేతగెల, పలక పోని కాయ. గురమ్మ ఆ అంచును బొటనవేలితో తడిమి చూసింది. ఆ పొద్దు గాలికి పడిన గెలకు పలకలున్నాయి. మొన్న ఆయన అంత ప్రేమగా ఇచ్చిన గెలలకు లేవు. నిండి, తెలుపు తిరిగి, లోపల తీపి పుట్టిన కాయ నూనెలో ఎర్రబడక ఏం చేస్తుంది? చక్కెర మాడినట్టు మాడుతుంది. ఇంత చిన్న సంగతి తట్టలేదే అని నెత్తి కొట్టుకుంది. ఎట్లా తడుతుంది చెప్పండి. సేద్యం చేసుకునే ఇంట్లో నిండిన కాయే మంచికాయని పుట్టుకతో నేర్చుకున్నారు. మంచిది ఇవ్వాలనుకోబట్టే చెడింది.

ఆ గెల నుంచి రెండు కాయలు తెంపి, కొంగులో దాచుకుని, దొంగలా ఇంటికి వచ్చింది. చిన్న మూకుట్లో కాస్త నూనె పోసి వేయించింది. గలగలమన్నాయి.

సందకాడ గంగిరెడ్డి తోటనుంచి మండిపడుతూ వచ్చాడు. "ఎవరు తెంపినారు మే ఆ కాయలు? పాలుకారతా ఉండాయి."

"నేనే," అంది గురమ్మ. ఆయన ముందు రెండు గిన్నెలు పెట్టింది. ఒకదానిలో ఎర్రనివి, ఒకదానిలో బంతిరేకుల రంగువి. గంగిరెడ్డి అటొకటి, ఇటొకటి తిన్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాడు, ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"అంటే, దగ్గరుండి నేనే చెడగొట్టినానా?" అన్నాడు.

"నువ్వు మంచివి ఇయ్యాలని ఇచ్చినావు మామా. లారీకి బరువు కావాల, బాండలికి బిగువు కావాల. మనకు తెలీకపోయె."

"నా వల్ల కాదు మే. పాలు తాగే దూడను సంతకు తోలినట్టుంటాది." గిన్నె పక్కకు జరిపాడు. "మిషన్ ఆయప్ప ఫోన్ చేసినాడు. వచ్చేవారం వస్తాడంట."

గురమ్మకు ఆయన మీద కోపం రాలేదు, జాలి కలిగింది. తన కల నిలబడాలంటే ఆయన పట్టుకుని బతికిన మాట ఒకటి విరగాలి. అట్లా అడగడానికి తానెవరు అనుకుంది. అడగకపోతే తోట పోతుంది. రెండూ నిజమే.

తెల్లవారి లేచేసరికి గంగిరెడ్డి మంచం ఖాళీగా ఉంది. గోడకు కొడవలి లేదు. గురమ్మ గబగబా తోటకు నడిచింది. ఆకుల కొసలనుంచి తడి బొట్టు బొట్టుగా రాలుతోంది, లోపల ఇంకా సగం చీకటి. ఆయన ఒక గెల ముందు నిలబడి ఉన్నాడు. బొటనవేలు కాయ మీద పైకీ కిందికీ తిరుగుతోంది. అంచు తగిలిన ప్రతిసారీ ఆ వేలు ఆగుతోంది, కొడవలి పట్టిన చెయ్యి కిందికి దిగిపోతోంది. ఎంతసేపటినుంచి అట్లా నిలబడ్డాడో.

"నువ్వు కొయ్యి మే," అన్నాడు తల తిప్పకుండా.

"నా చేత్తో కోస్తే అది దొంగతనమే మామా. నిన్న చేసినా కదా. నీ చేత్తో కోస్తే పంట."

గంగిరెడ్డి ఆమెవైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహంలో నవ్వుందో ఏడుపుందో ఆమెకే తెలియలేదు. "తప్పైపాయ తల్లీ," అన్నాడు, పెండ్లానికి కాదు, చెట్టుకు. ఒక్క వేటున కాడ తెగింది. గెలను నేల తాకనివ్వకుండా భుజం మీద పట్టుకున్నాడు. పాలు కారి ఆయన చొక్కాకు మరకలయ్యాయి. అరటిపాల మరక ఏ సబ్బుకూ పోదు.

ఆ రోజు వాయి వెంట వాయి బాండలి దిగింది. గంగిరెడ్డి అరుగుమీద కూర్చుని లోపలి గలగల విన్నాడు గానీ లోపలికి రాలేదు. డబ్బాలు మాధవి తీసుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నం మున్వర్ ఫోన్ వచ్చింది, మాధవి అందరికీ వినపడేట్టు పెట్టింది.

"రెడ్డెమ్మా, మూత తియ్యకుండా ఊపి చూసినా. చాలమ్మా. వారం వారం పంపండి. మైదుకూరులో మా బామ్మర్ది అంగడికి కూడా కావాలంటాండాడు. ఎప్పుడూ ఇట్లే ఉండాల, మళ్ళ ఇంగో రకంగా పంపొద్దు."

"పంపము భాయ్," అంది గురమ్మ.

గంగిరెడ్డి అంతా విన్నాడు. తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచి తోటవైపు నడిచాడు. ఏమనుకుంటున్నాడో గురమ్మకు అంతుపట్టలేదు. నిండని కాయ ఒకసారి కోసినాడు సరే, వారం వారం కోయగలడా? పొద్దుగూకేదాకా ఆమెకు ఏ పనీ సాగలేదు. చివరికి పొయ్యి వెలిగించి పాలు పెట్టింది.

గంగిరెడ్డి వచ్చాడు. చంకలో ఒక కట్టె మోపు ఉంది. తెచ్చి పొయ్యి పక్కన దించాడు. కందికట్టె పుల్లలు, ఒక కొసకు ఇంకా తడిమట్టి అంటుకుని ఉంది. వెనక కయ్యలో చీనీగుంతలకు గుర్తుగా పాతిన పుల్లలన్నీ పెరుక్కొచ్చాడు.

"ఎండిన కట్టె. రేపటి వాయికి పనికొస్తాదేమో చూడు," అన్నాడు.

గురమ్మ ఆ పుల్లల వైపు చూసింది. ఆయన వైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. గంగిరెడ్డి అక్కడే చతికిలబడి, బొటనవేలు చూసుకుంటూ, మెల్లగా నవ్వాడు. పొయ్యి మీద పాలు అంచుదాకా వచ్చాయి, పొంగాయి, చర్రుమని మంటను ఆర్పేశాయి. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు.